మూడు సెంట్ల లానూ నాలుగడుగుల నేనూ

నేను ఒక గడ్డి కోసే బండిని. చేత్తో తోసుకుంటూ పోయే చిన్న రకం అనుకునేరు. మనిషి దర్జాగా ఎక్కి కూర్చునే రకం. నాకు స్టీరింగు ఉండదు. సీటుకి అటొకటి ఇటొకటి రెండు పొడవాటి లివర్లు ఉంటాయి. వాటిని సరిగ్గా పట్టుకుంటే ఉన్నచోటే గిర్రున తిరిగిపోతాను, అందుకే నా జాతిని జీరో టర్న్ అంటారు. సరిగ్గా పట్టుకోకపోయినా గిర్రునే తిరుగుతాను. ఈ కథలో ఎక్కువగా జరిగింది రెండోదే.

శుభవార్త వచ్చిన వేళకి నేను రాజమండ్రిలో ఒక పూల ప్రదర్శన స్టేజీ మీద ఉన్నాను. ఇంజను మీద బంతిపూల దండ, సీటు మీద 'మొదటి బహుమతి' అని అట్ట. ప్రకటన చేసే ఆయన కూపన్ తీసి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, జనమంతా వినాలని ఫోన్ని మైకుకి ఆనించాడు.

"హలో, వారిజ గారేనాండి? మొన్న మా దగ్గర రోజా మొక్క కొన్నారు కదండి. లక్కీ డ్రాలో ఫస్టు ప్రైజు మీకే వచ్చిందండి."

అటుపక్క పెనం చుయ్యిమంది. తరవాత, "ఒక్క నిమిషం ఉండండి, దోసె మాడుతోంది" అంది ఒక ఆడగొంతు. పెనం మీద అట్లకాడ గీసిన చప్పుడు మైదానమంతా మోగింది. "ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఏం వచ్చింది?"

"గడ్డి కోసే బండండి. ఎక్కి కూర్చుని కోసుకోవచ్చు."

"ఇద్దరు కూర్చోవచ్చా?"

"లేదండి, ఒకరే."

"ఫరవాలేదండి. నేనొక వరస, మా ఆయనొక వరస కోసుకుంటాం."

జనం నవ్వారు. నాకు మాత్రం ఇంజను ఆపి ఉన్నా ఎక్కడో వేడెక్కింది. అంతవరకూ నన్ను చూసిన ప్రతివాళ్ళూ 'ఎంత తాగుతుంది' అని అడిగినవాళ్ళే. పక్కన చోటుందా అని అడిగిన మొదటి మనిషి ఈవిడే.

ప్రకటన చేసే ఆయన షరతు కూడా చెప్పాడు. బండి శుక్రవారం ఇంటికొస్తుంది. వాడి చూసుకోవచ్చు. వద్దనుకుంటే శనివారం సాయంత్రం అయిదింటికి వాళ్ళ మనుషులొచ్చి తీసుకుపోతారు. తీసుకుపోయి ఎక్కడ పెడతారో ఆయన చెప్పలేదు. నాకు తెలుసు. నన్ను బహుమతిగా ఇచ్చిన కొట్టాయన స్టేజీ ఎక్కించేటప్పుడే ప్రదర్శనవాళ్ళతో చెవిలో చెప్పినట్టు చెప్పాడు: "మళ్ళీ మా కొట్టుకి మాత్రం తేకండి. తిరిగొస్తే నేరుగా పాత ఇనుము కొట్టుకి తోలేయండి."

ఆయన్ని తప్పుపట్టను. ఆయన కొట్లో రెండేళ్ళు ఉన్నాను. ఎరువుల బస్తాలు కొనడానికొచ్చినవాళ్ళు నా లివర్లకి సంచులు తగిలించేవారు, హెల్మెట్లు నా సీటు మీద పెట్టేవారు. ఒకాయన ప్రతి సోమవారం వచ్చి నా మీద కూర్చుని టీ తాగి, ఏమీ కొనకుండా వెళ్ళేవాడు. నా జీవితంలో అంత నమ్మకమైన స్నేహితుడు లేడు.

అంతకు ముందు నాకూ ఒక వైభవం ఉండేది. ఎక్కడో సముద్రాల అవతల, కనుచూపుమేర గడ్డి తప్ప ఏమీ లేని ఊళ్ళో పుట్టాను. పుట్టగానే నా కింద నాలుగడుగుల వెడల్పున కత్తుల పెట్టె బిగించి, ముందు రెండు తిరుగుడు చక్రాలు పెట్టి, ఓడెక్కించి విశాఖపట్నంలో దింపారు. భీమిలి వైపు ఒక రిసార్టువాళ్ళు కొన్నారు. సముద్రం పక్కన మూడెకరాల పచ్చిక. పొద్దున్నే కోసేవాణ్ణి, మధ్యాహ్నం నుంచి ఫోటోలు దిగేవాణ్ణి. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోవడానికి వచ్చే జంటల్లో అబ్బాయి నా మీద కూర్చునేవాడు, అమ్మాయి గౌను పరుచుకుని నా ముందు నిలబడేది. అలా ఎన్ని జంటల పెళ్ళి ఆల్బముల్లో ఉన్నానో లెక్క లేదు. ఒక్కరూ పెళ్ళికి పిలవలేదు.

ఒకరోజు ఆ రిసార్టు యజమాని పచ్చికంతా పీకించి ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు. దాన్ని కోయక్కర్లేదు, తడపక్కర్లేదు, తుడిస్తే చాలట. మర్నాడు నా స్థానంలో ఒక చీపురు నిలబడింది. చీపురు చేతిలో ఉద్యోగం పోగొట్టుకున్న బండిని లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

సరే, శుక్రవారం. ధవళేశ్వరం దాటాక ఒక లేఅవుట్ కాలనీలో నన్ను ట్రాలీ ఆటోలోంచి దించారు. గేటు రెండు రెక్కలూ బార్లా తీస్తే అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు మిగిలాయి. వారిజ గేటు దగ్గర ఎదురొచ్చింది. పెళ్ళై నలభై రోజులు. నల్లపూసల్ని వేలితో మెలిపెడుతూ, నన్ను చూసి, "ఎర్రగా ఉందండీ" అంది. ఏదో ఊహించని గుణం కనిపెట్టినట్టు. హార్టికల్చర్ చదివిన అమ్మాయి. గడ్డి పేర్లు పదిహేను చెప్పగలదు, కానీ ఎర్రటి బండిని చూస్తే మాత్రం ఎర్రగా ఉందనే అంటుంది. నాకది చాలా నచ్చింది.

ఆమె భర్త కామేష్ పాలిటెక్నిక్ కాలేజీలో మెకానికల్ లెక్చరరు. నా చుట్టూ తిరిగి, వంగి కిందికి చూసి, "చాలా సింపుల్ మెకానిజం వారిజా. నేను చూసుకుంటాగా" అన్నాడు. ఈ వాక్యం అన్న మగవాళ్ళని నేను మూడు ఊళ్ళలో చూశాను.

మూడో మనిషి అత్తగారు భ్రమరాంబ గారు. మావగారు స్నేహితులతో కాశీయాత్రకి వెళ్ళారు; ఫోన్లో ఏది చెప్పినా 'సరే' అంటున్నారట. ఆవిడ మాత్రం నన్ను చూసి సరే అనలేదు. "దీన్నెక్కడ పెడతార్రా? కారు రోడ్డు మీద పెట్టి దీన్ని లోపల పెడతారా?" అంది. జవాబు అదే కాబట్టి కామేష్ కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

నన్ను కారు పెట్టేచోట, వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టారు. అందువల్ల ఆ ఇంటి సంగతి ఒకటి నాకు తెలిసింది. వారిజ గిన్నెలు సర్దుతుంటే, ఏ గిన్నె తిరగేసినా అడుగున 'భ్రమరాంబ' అని చెక్కి ఉంది. పళ్ళెం మీద భ్రమరాంబ, చెంబు మీద భ్రమరాంబ, పోపు గరిటె మీద చోటు చాలక 'భ్రమ' దాకా ఉంది. అత్తగారు మంచావిడే, చెక్కించుకోవడానికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు పట్టింది. కానీ వారిజ పేరున ఆ ఇంట్లో ఒక రోజా మొక్కా, దానితో వచ్చిన నేనూ తప్ప ఏమీ లేవు. నాతో పాటు పంపిన కూపన్ మీద పేరు తనది. అది చించకుండా పర్సులో దాచుకుంది. రాత్రి వంటయ్యాక వచ్చి నా సీటు మీద ఊరికే కూర్చుని, లివర్లు రెండూ పట్టుకుని, కాళ్ళు ఊపింది.

"నువ్వు ఉండిపోవాలి" అంది నాతో, మెల్లిగా. కొత్తగా అడుగుపెట్టినవాళ్ళం ఆ ఇంట్లో ఇద్దరమే మరి.

శనివారం రెండో శనివారం, కాలేజీకి సెలవు. పొద్దున్నే బండి పూజ. కామేష్ పాలిటెక్నిక్‌లో ఏం చెప్తాడో గానీ, ఆ ఇంట్లో చక్రాలున్నది ఏదొచ్చినా నిమ్మకాయలు తొక్కకుండా కదలదు. నా ఇంజనుకి పసుపూ కుంకుమా పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పక్కింటి పేరిందేవి గారు గోడ మీద మోచేతులానించి చూస్తోంది. ఆదివారం ఆదివారం వచ్చి ఈ లాన్‌ని కత్తెరతో కత్తిరించే గవర్రాజు కూడా కబురు తెలిసి ఒకరోజు ముందే వచ్చి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తన ఉద్యోగం లాక్కోవడానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు నన్ను. నేను చీపురుని అలాగే చూశాను కాబట్టి నొచ్చుకోలేదు.

కామేష్ ఎక్కాడు. మోటారు సైకిలు అలవాటు. కుడిచేయి సహజంగానే జోరుగా కదిలింది. కుడి లివరు ముందుకి, ఎడమది వెనక్కి. ఇంకేముంది, నాకు చేతనైన పని నేను చేశాను. ఒక నిమ్మకాయ నలిగింది, ఒకటి ఎగిరి గవర్రాజు కాలికి తగిలింది, మిగిలిన రెండూ దొర్లుకుంటూ కాలవలోకి పోయాయి. నేను మాత్రం కదలాల్సిన వైపు అంగుళం కూడా కదలకుండా, ఉన్నచోటే మూడు చుట్లు తిరిగాను.

"బండి బాగా భక్తి కలదే వదినా" అంది పేరిందేవి గారు. "ఆత్మప్రదక్షిణం చేస్తోంది."

కంగారుపడి కామేష్ సీట్లోంచి లేచాడు. సీట్లో మనిషి లేకపోతే నేను ఆగిపోతాను. నన్ను చేసినవాళ్ళకి మనుషుల మీద ఉన్న నమ్మకం అంతే. గడ్డి మీద గుండ్రంగా, బట్టతలలా ఒక మచ్చ పడింది.

"అది పూజ. ఇప్పుడు అసలు పని" అని మళ్ళీ కూర్చున్నాడు. వారిజ టేపూ, కాగితమూ తెచ్చుకుంది. చదువుకున్న పిల్ల, ప్రేమించినదాన్ని కూడా కొలిచి చూస్తుంది. లాన్ మూడు సెంట్లు. మధ్యలో జామచెట్టు, ఒక పక్క తులసికోట, ఇంకో పక్క బట్టలారేసే తీగకి రెండు స్తంభాలు, చివర అత్తగారి కనకాంబరాల మడి. కాలవ వైపు నేల ఏటవాలుగా దిగుతుంది, పొద్దున తడిపిన నీళ్ళు ఇంకా అక్కడే నిలిచి ఉన్నాయి. నా కత్తుల పెట్టె నాలుగడుగులు. మధ్యలో మిగిలే తొమ్మిది అడుగుల్లో అటు తిరిగితే జామచెట్టు, ఇటు తిరిగితే తులసమ్మ.

కామేష్ పసుపుపచ్చ బొత్తాం పైకి లాగాడు. నా కత్తులు తిరిగాయి. రెండేళ్ళ తరవాత నిజమైన గడ్డి వాసన. నా ఆనందం మీకు చెప్పలేను. మొదటి వరస అద్భుతంగా కోశాను. రెండో వరసకి తిరగబోతుంటే తడి ఏటవాల్లో ముందు చక్రాలు జారాయి. లెక్చరరుగారు లివరు ఎటు లాగాలో ఆలోచించుకునే లోపల కనకాంబరాల మడిలో సగం నా పొట్టలోకి వెళ్ళి, అటుపక్క నించి నారింజ రంగు తుక్కుగా బయటపడింది. నేను అక్కడితో ఆగలేదు. బట్టల స్తంభానికి ముక్కు ఆనించి, భ్రమరాంబ గారి తడి చీర నెత్తిన వేసుకుని ఆగాను.

కొంతసేపు అందరూ కనకాంబరాల వైపే చూశారు.

"ఒరేయ్," అంది అత్తగారు, గొంతు పెంచకుండా, "సాయంత్రం వాళ్ళొచ్చేది ఎన్నింటికి?"

"అయిదింటికమ్మా."

"ఫోన్ చేసి నాలుక్కే రమ్మను."

గవర్రాజు మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు. పేరిందేవి గారు, "పూలు పెట్టుకునే యోగం ఈ ఏడు నాకూ లేదన్నమాట" అంది. ఆ ఇంటి కనకాంబరాల్లో సగం ఆవిడ జడలోకే వెళ్తాయని అప్పుడు తెలిసింది. వారిజ వచ్చి నా నెత్తి మీంచి చీర తీసి, పిండి, దులిపి మళ్ళీ ఆరేసింది. తరవాత జామచెట్టు కింద కూర్చుని కాగితం మీద రాసుకుంది. రాస్తూ రాస్తూ ఒకసారి కళ్ళు తుడుచుకుంది. నేను చూశాను, వేరెవరూ చూడలేదు.

మధ్యాహ్నమంతా నేను స్తంభానికి ముక్కు ఆనించుకునే ఉన్నాను. నన్ను వెనక్కి తీయడం కామేష్ వల్ల కాలేదు. రెండు లివర్లూ సమంగా లాగితే తిన్నగా వెనక్కి వస్తాను. ఆయన చేతులు ఎప్పుడూ సమంగా ఉండవు, కుడిది ఒక ఆకు ఎక్కువ చదివింది. వస్తే తులసికోట వైపు, లేకపోతే మళ్ళీ స్తంభానికే. ఫోన్లో వీడియో పెట్టుకుని చూశాడు. వీడియోలో మనిషి తిరుగుతున్నది పొలమంత మైదానంలో. స్తంభం గురించి అతను ఏమీ చెప్పలేదు.

మూడున్నర అయింది. భ్రమరాంబ గారు కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చి, కొడుకు ఆరోసారి స్తంభాన్ని గుద్దడం చూసి, గ్లాసు గట్టు మీద పెట్టింది.

"దిగు."

"అమ్మా, నీకు తెలీదు, దీనికి స్టీరింగు..."

"అందుకే దిగమన్నాను. నువ్వు తోస్తున్నావురా. దాన్ని తోయకూడదు, పగ్గం లాగినట్టు లాగాలి. ఎటు తిరగాలో అటు చెయ్యి వెనక్కి రావాలి."

ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఎక్కింది. వాళ్ళ నాన్నగారికి అమలాపురం దగ్గర ఒంటెద్దు బండి ఉండేదట. అన్నదమ్ములు మొద్దునిద్ర పోతుంటే పన్నెండేళ్ళ భ్రమరాంబ కొబ్బరికాయలు వేసుకుని, రెండు పగ్గాలూ పట్టుకుని సంతకి తోలుకెళ్ళేదట. పెళ్ళయ్యాక ఆవిడ్ని ఏ బండీ తోలమని ఎవరూ అడగలేదు. మోటారు సైకిలు కామేష్‌ది, కారు మావగారిది. ఆవిడ ఎప్పుడూ వెనక సీటే.

ఆ వేళ్ళు లివర్ల మీద పడగానే నాకు తెలిసిపోయింది. బిగించి పట్టుకోలేదు. అలా ఆనించి, ఒక్కసారి చిన్నగా లాగి, వదిలింది. నేను తిన్నగా వెనక్కి వచ్చాను, అంగుళం అటూ ఇటూ కాకుండా. ఎడమచెయ్యి కాస్త వెనక్కి. జామచెట్టు చుట్టూ ఒరుసుకోకుండా తిరిగాను. తులసికోటకి జానెడు దూరంలో ఆగి, వంగి దండం పెట్టినంత నెమ్మదిగా మలుపు తిరిగి, వరండా ముందుకొచ్చి నిలబడ్డాను. గవర్రాజు కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"అదీ," అంది ఆవిడ. దిగుతుందనుకున్నారు. దిగలేదు. ఏ అవసరమూ లేకుండా మళ్ళీ ఒక చుట్టు తిప్పింది. దాని తరవాత ఇంకొకటి.

పేరిందేవి గారు గోడ మీంచి, "వదినా, చీర జాగ్రత్త" అంది. "నీ కళ్ళు జాగ్రత్త" అంది భ్రమరాంబ గారు.

అప్పుడు వారిజ కాగితం పట్టుకుని ముందుకొచ్చింది. మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని వచ్చింది, పరీక్ష ఫలితం చెప్పే మేష్టారిలా. "అత్తయ్యగారూ, నేను అంతా కొలిచానండి. ఈ బండి మన లాన్‌కి సరిపోదు. గడ్డి కోసే పని నాలుగు నిమిషాలు, తిప్పుకునే పని ముప్పావుగంట. ఏటవాల్లో జారుతుంది. చెట్టు మొదట్లో, గోడ అంచుల్లో ఎలాగూ గవర్రాజే కత్తిరించాలి. గుండ్రంగా తిరిగితే గడ్డి లేచిపోతుంది. నాకు ఇష్టమేనండి, కానీ సరిపోదు. తీసుకెళ్ళిపొమ్మని నేనే చెప్తాను."

నాకు కోపం రాలేదు. నా గురించి ఇంత నిజం, ఇంత గౌరవంగా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. పాత ఇనుము కొట్టు వాసన మాత్రం అప్పుడే ముక్కుకి తగిలింది.

భ్రమరాంబ గారు సీటు దిగకుండానే, "లాన్‌కి సరిపోదు. సరే" అంది. "మనకి సరిపోదని ఎవరన్నారు?"

ఆవిడ గడ్డం ఎత్తి వెనక గోడ అవతలికి చూపించింది. అక్కడ అరెకరం నేల, కొలబద్ద పెట్టి చదును చేసినట్టు ఉంటుంది. మధ్యలో 'పార్కు స్థలము' అని తుప్పుపట్టిన బోర్డు. కాలనీ వేసి పదకొండేళ్ళయింది. పార్కు రాలేదు, వయ్యారిభామ వచ్చింది. ఆ కలుపు నడుమెత్తు పెరిగి, బోర్డులో ఇప్పుడు 'పార్కు' ఒక్కటే కనిపిస్తోంది. గేటు లేదు, చెట్టు లేదు, ఏటవాలు లేదు.

వారిజ కాగితం వెనక్కి తిప్పింది. లెక్క వేయడం మొదలుపెట్టింది. పెదాలు కదుపుతూ వేసింది, మధ్యలోనే నవ్వేసింది. "కానీ అత్తయ్యగారూ, అంత ఎత్తు కలుపు దీనివల్ల కాదండి. లోపల రాళ్ళుంటే కత్తులు పోతాయి. ముందు కొడవలితో కోసి, రాళ్ళు ఏరాలి."

"మరి గవర్రాజెందుకున్నాడు?"

"నేనా అమ్మగారూ?" అన్నాడు గవర్రాజు. "అరెకరం నా ఒక్కడివల్ల అయ్యే పనేనా? ఇంకో ఇద్దర్ని పట్టుకురావాలి." అంటూనే ఎవరెవర్ని తేవాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నా వైపు చూసిన చూపు కూడా మారింది. కొత్తగా చేరిన తోటి ఉద్యోగిని చూసినట్టు చూశాడు.

నాలుగింటికి రావాల్సిన ట్రాలీ ఆటో నాలుగుంబావుకి వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి తాళ్ళు తీశారు. భ్రమరాంబ గారు నా మీద కూర్చునే, "కాఫీ తాగి వెళ్ళండి నాయనా. బండి ఎక్కడికీ రాదు" అంది. వాళ్ళు కాఫీ తాగారు. గ్లాసులు తిరగేసి అడుగున ఉన్న పేరు కూడా చదివారు. అది చూసిందేమో ఆవిడ, కోడలి వైపు తిరిగింది.

"అమ్మాయ్, గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు సోమవారాలు మన వీధికొస్తాడు. ఈ బండి ఇంజను మూత మీద చెక్కమని చెప్పు."

"మీ పేరాండి?"

"నా పేరెందుకు? కూపన్ ఎవరిది? 'వారిజ' అని చెక్కించు. పెద్దక్షరాలు. చోటు బోలెడుంది."

వారిజ పర్సులోంచి ఆ కూపన్ తీసి, నా సీటు కింద పెట్టెలో, పానాల పక్కన పెట్టింది. కామేష్, "మరి నేనెప్పుడు తోలాలి?" అన్నాడు.

"నువ్వు పెట్రోలు పొయ్యి," అంది తల్లి.

అప్పుడు ఆవిడ లివర్లు రెండూ సమంగా ముందుకి తోసి నన్ను వెనక గోడ దాకా తీసుకెళ్ళింది. నా మీద కూర్చుంటే గోడ ఆవిడ ఛాతీ దాకానే వచ్చింది. పార్కు స్థలం చుట్టూ ఉన్న ఇళ్ళ డాబాల మీద బట్టలు తీస్తున్నవాళ్ళూ, మొక్కలకి నీళ్ళు పోస్తున్నవాళ్ళూ ఇంజను చప్పుడుకి ఇటే చూస్తున్నారు. పూర్వం సంతలో కొబ్బరికాయలకి కేకేసిన గొంతే అయి ఉంటుంది, నాలుగు వీధులకీ వినిపించింది.

"రేపు ఆదివారం. పొద్దున్న ఆరింటికి ఇంటికొకరు గంప పట్టుకుని ఈ స్థలంలోకి రావాలి. ముందు గవర్రాజు వాళ్ళు కొడవళ్ళతో కోస్తారు. తరవాత అందరం రాళ్ళు ఏరతాం. ఆ తరవాత మా కోడలి బండి దిగుతుంది. ఒక వరస అమ్మాయి తోలుతుంది, ఒక వరస నేను."

"మరి నా కనకాంబరాలో?" అంది పేరిందేవి గారు.

"గంప పట్టుకునిరా వదినా. ఆ బోర్డు మొదట్లోనే వేద్దాం."